పేద పిల్లలను కళాశాల దాకా చేర్చే సలహాదారు పని: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు నగరాల్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనూ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ చదువుతున్న పిల్లలకు పై చదువుల దారి చూపే పనిలోకి రావాలనుకునేవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాము. అడిగేవారిలో డిగ్రీ పూర్తిచేసిన యువతీ యువకులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఉద్యోగం చేస్తూ ఆదివారాలు కేటాయించగలవారు ఉంటారు. ప్రవేశ నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కనుక దరఖాస్తు చేయించే ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌ను మొదటి నుంచి చివరి దాకా చదవడం సలహాదారు బాధ్యత.

సలహాదారు చేసే పని ఏమిటి?

ఆటోనగర్ షెడ్లలో పనిచేసే తండ్రి, గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే తల్లి, నాలుగిళ్లలో పనిచేసుకునే అమ్మమ్మ తమ పిల్లలు చదువుకోవాలనే కోరుకుంటారు. కానీ ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు చేయాలో, ఏ పత్రం ఎక్కడ దొరుకుతుందో, సీటు వచ్చాక ఎన్ని రోజుల్లో చేరాలో చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లోనూ, ఆ వీధిలోనూ ఉండరు. మా అనుభవంలో బాగా చదివే పిల్లల చదువు ఆగిపోవడానికి మార్కులు తక్కువ కావడం కారణమైన సందర్భాలు కొన్నే. గడువు దాటిపోవడం, ధ్రువపత్రంలో పేరు తప్పుగా ఉండడం, రుసుము కట్టాల్సిన రోజున ఇంట్లో డబ్బు లేకపోవడం వల్ల ఆగిపోయినవే ఎక్కువ. ఫలితాలు వచ్చిన రోజుకూ, పిల్లలు కొత్త తరగతి గదిలో కూర్చునే రోజుకూ మధ్య ఉండే ఆ రెండు మూడు నెలలే సలహాదారుకు అసలైన పని కాలం.

అంటే ట్యూషన్ చెప్పడం కాదా?

కాదు. పాఠం చెప్పడానికి ఉపాధ్యాయులు ఉన్నారు. పిల్లలకు లెక్కల్లో సందేహం వస్తే తీర్చవచ్చు గాని, ఆ పేరుతో దరఖాస్తుల పని వెనకబడకూడదు.

ఏ తరగతి పిల్లలతో మొదలుపెట్టాలి?

చాలామంది పదో తరగతి అంటారు. మేము ఎనిమిదో తరగతి అంటాము. జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్షను (ఎన్ఎంఎంఎస్) ఎనిమిదో తరగతిలోనే రాయాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల రూపాయలకు మించని ప్రభుత్వ పాఠశాల పిల్లలు అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఆ డబ్బు కుటుంబ అవసరాలన్నీ తీర్చదు గాని, పదో తరగతి తర్వాత పిల్లవాణ్ణి పనిలో పెడదామన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు వాడి పక్షాన నిలబడే ఆధారం అవుతుంది.

పదో తరగతి తర్వాత పిల్లలకు ఏ దారులు చూపించాలి?

అందరికీ ఇంటర్ ఒక్కటే దారి అనుకోవడం సరికాదు. పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో చేరినవారు మూడేళ్లలో డిప్లొమా పొంది, ఆ తర్వాత ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. త్వరగా సంపాదన మొదలుకావాల్సిన ఇళ్ల పిల్లలకు, ముఖ్యంగా చేతిపని మీద ఇష్టం ఉన్నవారికి, ఇది చాలా మంచి దారి అని నా గట్టి అభిప్రాయం.

2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ట్రిపుల్ ఐటీల్లో, అంటే నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాల్లో, పదో తరగతి మార్కుల ఆధారంగా ఆరేళ్ల సమీకృత కోర్సులో ప్రవేశాలు జరుగుతాయి. మొదటి రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన చదువు, తర్వాతి నాలుగేళ్లు బీటెక్. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు అదనపు మార్కుల వెసులుబాటు ఉంది. విజయవాడకు దగ్గర్లోనే నూజివీడు ఉన్నా, మంచి మార్కులు వచ్చిన పిల్లల ఇళ్లలో ఈ అవకాశం గురించి దరఖాస్తు గడువు ముగిశాక తెలియడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. నాగార్జునసాగర్‌లోని రెసిడెన్షియల్ జూనియర్ కళాశాల వంటి వాటికి ఏపీఆర్‌జేసీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు, ఇంటర్ ఉన్న కస్తూర్బా బాలికా విద్యాలయాలు వేరే ఉన్నాయి. వ్యవసాయ కుటుంబాల పిల్లలకు గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపే వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమాల గురించి కూడా చెప్పాలి. చేతిపనులు నేర్పే ఐటీఐని చిన్నచూపు చూడకూడదు.

కార్పొరేట్ కళాశాల వారు ఇంటికి వచ్చి రాయితీ సీటు ఇస్తామంటే ఏమని సలహా ఇవ్వాలి?

మన ప్రాంతంలో ఇది ప్రతి వేసవిలో ఎదురయ్యే ప్రశ్న. పదో తరగతి మార్కులు తెలియగానే ప్రైవేటు కళాశాలల ప్రతినిధులు ఇళ్ల చుట్టూ తిరుగుతారు. వద్దని చెప్పడం సలహాదారు పని కాదు. తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నలు వారి చేతికి అందించడమే మన పని. రాయితీ మొదటి సంవత్సరానికేనా, రెండో సంవత్సరానికి కూడానా? హాస్టల్, పుస్తకాలు, పరీక్ష రుసుము, యూనిఫాం అందులో కలిసే ఉన్నాయా? మధ్యలో మానేస్తే అసలు ధ్రువపత్రాలు తిరిగి ఇస్తారా? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాసి సంతకం చేయనివారి మాట మీద పిల్లను చేర్చవద్దని స్పష్టంగా చెప్పండి.

ప్రభుత్వ జూనియర్ కళాశాల గురించి కూడా అంతే వివరంగా చెప్పాలి. 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరిట అక్కడ మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. అదే ఏడాది ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో బాలికలకు, మహిళలకు ప్రయాణం ఉచితం. మైలవరం నుంచో, తాడికొండ నుంచో రోజూ వచ్చే అమ్మాయికి ఈ రెండూ కలిస్తే ఇంటి మీద పడే భారం ఎంతో తగ్గుతుంది.

ఇంటర్ తర్వాత పరీక్షల గురించి సలహాదారుకు ఎంత తెలిసి ఉండాలి?

ప్రశ్నపత్రంలోని లెక్కలు చేయగలగడం అవసరం లేదు, కానీ సీట్ల నిబంధనలు క్షుణ్ణంగా తెలియాలి. ఇంజినీరింగ్, వ్యవసాయం, ఫార్మసీ ప్రవేశాలకు రాసే ఏపీ ఈఏపీసెట్ 160 మార్కులది. ర్యాంకు లెక్కించేటప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. అందువల్ల ఇంటర్ పరీక్షలను తేలికగా తీసుకుని ప్రవేశ పరీక్షకే చదువుతానన్న పిల్లవాడికి ఈ సంగతి మొదటి సంవత్సరంలోనే చెప్పాలి. వైద్య విద్యకు 720 మార్కుల నీట్ ఒక్కటే దారి. నీట్‌ను, ఎన్ఐటీ వంటి జాతీయ సంస్థల ఇంజినీరింగ్ ప్రవేశాలకు రాసే జేఈఈ మెయిన్‌ను తెలుగులో కూడా రాయవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లల్లో ఈ విషయం తెలియనివారు నేటికీ ఉన్నారు.

ఐఐటీ అంటే లక్షల ఫీజు అని భయపడే తల్లిదండ్రులకు ఒక సంగతి చెప్పాలి. అక్కడ బీటెక్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉండదు. కుటుంబ ఆదాయం లక్ష రూపాయల లోపు ఉన్నవారికి పూర్తిగా, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉన్నవారికి మూడింట రెండు వంతులు మినహాయింపు ఉంది. హాస్టల్, భోజనం ఖర్చు వేరు.

డిగ్రీ చదువును ఓడిపోయినవారి చోటుగా చూపించకండి. విజయవాడలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. ప్రభుత్వ కళాశాల, ఆంధ్ర లయోలా, మారిస్ స్టెల్లా, గుంటూరులో ప్రభుత్వ మహిళా కళాశాల, ఆంధ్ర క్రైస్తవ కళాశాల దశాబ్దాలుగా మంచి పట్టభద్రులను తయారుచేస్తున్నాయి. ఊరూ పేరూ లేని ఇంజినీరింగ్ కళాశాలలో బీటెక్ కన్నా ఇటువంటి చోట మంచి బీఎస్సీ మేలన్న మాట చెప్పడానికి వెనకాడవద్దు.

ఏ పత్రాలు ముందుగా సిద్ధం చేయించాలి?

ఈ ప్రశ్నకు మేము ఎక్కువ స్థలం కేటాయిస్తున్నాము, ఎందుకంటే సలహాదారు శ్రమలో సగం ఇక్కడే ఖర్చవుతుంది. పదో తరగతి మెమోలో ఏ పేరు, ఏ పుట్టిన తేదీ పడితే జీవితాంతం అదే నడుస్తుంది. అది నిర్ణయమయ్యేది పాఠశాలలో నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, తయారుచేసేటప్పుడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పాఠశాల రిజిస్టరులో పొడి అక్షరమే ఉండడం, తండ్రి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉండడం, పుట్టిన తేదీ ఉజ్జాయింపుగా వేసి ఉండడం చాలా మామూలు. ఆ జాబితా బోర్డుకు వెళ్లకముందు ప్రధానోపాధ్యాయుల అనుమతితో కూర్చుని ఒక్కొక్క పేరునూ ఆధార్‌తో సరిచూసి, తేడా ఉన్న తల్లిదండ్రులను పిలిపించి సరిచేయించడం కన్నా విలువైన పని ఈ వృత్తిలో లేదని నేను నమ్ముతాను. అప్పుడు ఒక సంతకంతో పోయే తప్పు మెమో వచ్చాక నెలల తరబడి తిప్పుతుంది.

కుల ధ్రువపత్రానికి, ఆదాయ ధ్రువపత్రానికి వార్డు సచివాలయంలో గాని మీసేవలో గాని దరఖాస్తు చేయించవచ్చు. ఇతర రిజర్వేషన్లు వర్తించని పేద కుటుంబాలకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రం ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. బీసీ పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రాష్ట్రంలో ఇచ్చే బీసీ ధ్రువపత్రం ఎన్ఐటీ, ఐఐటీ ప్రవేశాలకు సరిపోదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం (బీసీల్లో సంపన్న వర్గానికి చెందరని తెలిపేది) కొత్త ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నది కావాలి. పైగా రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు కాబట్టి, ఆశ పెట్టే ముందు ఆ జాబితా చూడాలి.

ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. స్థానికత తేల్చేది ఇవే. తల్లిదండ్రులు భవన నిర్మాణ పనుల కోసం హైదరాబాద్ వెళ్లి రెండేళ్లుండి తిరిగివచ్చిన కుటుంబాల పిల్లలకు ఇక్కడ చిక్కు వస్తుంది. అటువంటివారి పాఠశాల వివరాలు తొమ్మిదో తరగతిలోనే సేకరించి పెట్టుకోవాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు ఎన్నో ఇళ్లలో ట్రంకుపెట్టెల్లోని మెమోలు, టీసీలు నీళ్లలో నానిపోయాయి. ప్రతి విద్యార్థికీ పత్రాలు ఆన్‌లైన్‌లో దాచుకునే డిజీలాకర్ ఖాతా తెరిపించి, ప్రతి కాగితం స్కాన్ చేయించి ఉంచండి. అసలు పత్రాలు ఎప్పుడూ మీ దగ్గర పెట్టుకోవద్దు.

దరఖాస్తులు నెట్ సెంటర్‌లో చేయించవచ్చా?

చేయించవచ్చు, కానీ సెల్ నంబరు, ఈమెయిల్, పాస్‌వర్డ్ విద్యార్థివే అయి ఉండాలి. నెట్ సెంటర్ యజమాని నంబరుతో దరఖాస్తు పెట్టడం వల్ల వెబ్ ఆప్షన్ల రోజున, అంటే ఆన్‌లైన్‌లో కళాశాలలను ఎంచుకునే రోజున, ఓటీపీ ఎవరికో వెళ్లి, పిల్లలు ఇవ్వని కళాశాలలు జాబితాలోకి చేరిన సందర్భాలు ఉన్నాయి. ఆప్షన్లు పెట్టేటప్పుడు పక్కన కూర్చోండి, కానీ మౌస్ మాత్రం విద్యార్థి చేతిలోనే ఉండనివ్వండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి తల్లిదండ్రులకు ఏమని చెప్పాలి?

ప్రభుత్వమే ఫీజు భరించే ఈ సాయం కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, సీటు వచ్చిన అర్హులకే వర్తిస్తుందని, యాజమాన్య కోటాలో చేరితే రాదని మొదటి మాటగా చెప్పాలి. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, మిగిలినవి యాజమాన్యానివి. రెండో మాట హాజరు. అది 75 శాతం కన్నా తగ్గితే సాయం ఆగుతుంది. మిర్చి కోతల కాలంలో తల్లికి తోడుగా పనికి వెళ్లే పిల్లలకు ఈ సంగతి ముందే తెలియాలి. మూడో మాట బ్యాంకు ఖాతా. తల్లి ఖాతా ఆధార్‌తోనూ, ప్రభుత్వ డబ్బు ఖాతాలకు చేర్చే చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐతోనూ అనుసంధానమై ఉందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి. 2025లో మొదలైన తల్లికి వందనం పథకం కింద ఇంటర్ విద్యార్థులకు కూడా ఏడాదికి 13,000 రూపాయలు తల్లి ఖాతాలోనే పడతాయి కాబట్టి, ఈ లింకు లేకపోతే ఆ డబ్బు ఆగిపోతుంది.

ప్రభుత్వం నుంచి డబ్బు విడుదల ఆలస్యమైనప్పుడు కొన్ని కళాశాలలు హాల్ టికెట్ ఆపుతామని పిల్లలను ఒత్తిడి చేస్తాయి. అటువంటప్పుడు తల్లిదండ్రులను ఒంటరిగా పంపకుండా మీరు వెంట వెళ్లి, విషయాన్ని రాతపూర్వకంగా ప్రిన్సిపాల్ ముందు పెట్టాలి.

అసలు ధ్రువపత్రాలు కళాశాల వారు ఇవ్వకపోతే?

విశ్వవిద్యాలయాలు, వాటి అనుబంధ కళాశాలలు విద్యార్థుల అసలు పత్రాలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే ప్రకటించింది. చేరిన రోజున పరిశీలించి అప్పుడే తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే రసీదు అడగండి. రసీదు ఇవ్వడానికి ఇష్టపడనివారు చాలాసార్లు పత్రమే ఇచ్చేస్తారు.

అమ్మాయికి పెళ్లి చేసేస్తామంటే సలహాదారు ఏం చేయగలరు?

పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. అవసరమైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి, వెనకాడకూడదు. అయితే అంతదాకా రాకముందే చేయగలిగింది చాలా ఉంది. ఆ ఇంటికి వెళ్లినప్పుడు చదువు గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వకండి. తల్లిని అమ్మా అని, తండ్రిని అన్నా అని, అమ్మమ్మను పెద్దమ్మా అని పలకరించి, వారి భయం ఏమిటో ముందు వినండి. చాలా ఇళ్లలో ఆ భయం పిల్ల రోజూ బస్సులో వెళ్లిరావడం గురించి, హాస్టల్ గురించి, ఖర్చు గురించి. ఆ భయాలకు జవాబులు ఉన్నాయి. హాస్టల్ వార్డెన్‌తో తల్లి స్వయంగా మాట్లాడేలా చూడండి. అదే పేట నుంచి వెళ్లి చదువుకుంటున్న అమ్మాయిని వారింటికి తీసుకురండి. ఆ అమ్మాయి పది నిమిషాల్లో చెప్పే మాటలు మనం నెల రోజులు చెప్పినా చెప్పలేము. తండ్రి ఒప్పుకోనప్పుడు మేనమామ మాట చెల్లే కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి, కాబట్టి ఆయనను కలవడం మరచిపోకండి. అమ్మాయి తన నోటితో తన కోరిక చెప్పేలా ధైర్యం ఇవ్వాలి గాని, ఆమె తరఫున మనమే మాట్లాడేయకూడదు.

పరీక్ష తప్పిన పిల్లల విషయం ఏమిటి?

ఫలితాల రోజున ముందుగా ఫోన్ చేయాల్సింది తప్పిన పిల్లలకే. సప్లిమెంటరీ పరీక్షలు వెంటనే ఉంటాయని, అందులో ఉత్తీర్ణులైతే ఆ ఏడాదే పై చదువులో చేరవచ్చని ఆ రోజే చెప్పాలి. రుసుము గడువు కొద్ది రోజులే ఉంటుంది. మధ్యలో బడి మానేసినవారికి ఏపీ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి, ఇంటర్ రాసే వీలుంది. పిల్లలు నిస్పృహలో ఉన్నట్టు కనిపిస్తే ఇంట్లో పెద్దలకు చెప్పి ఒంటరిగా వదలకుండా చూడండి. మానసిక ఆరోగ్య సహాయం అందించే టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు.

సీటు వచ్చిందంటే మన పని అయిపోయినట్టేనా?

అయిపోలేదు. సీటు కేటాయింపు ఉత్తర్వు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో చేరికను నమోదు చేసి, కళాశాలకు వెళ్లి హాజరు కావాలి. ఒకటి చేసి రెండోది చేయకపోతే సీటు రద్దవుతుంది. ఆ వారంలో ఇంట్లో ఎవరికైనా జ్వరం రావచ్చు, కూలి డబ్బు అందకపోవచ్చు, మెస్ అడ్వాన్సు కట్టమని కళాశాల అడగవచ్చు. అందుకే ఈ చిన్న ఖర్చులు ఎంతవుతాయో జూన్‌లోనే లెక్కవేసి, ఎక్కడి నుంచి సర్దుతారో కుటుంబంతో కలిసి రాసిపెట్టుకోవాలి. వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లకముందే బ్యాంకు విద్యారుణం గురించి, దానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే విద్యాలక్ష్మి పోర్టల్ గురించి చెప్పాలి.

చేరిన తర్వాత మొదటి సెమిస్టర్ అత్యంత ప్రమాదకరమైన కాలం. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి తరగతిలో ఏమీ అర్థం కావడం లేదన్న దిగులు, హాస్టల్‌లో తోటివారి బట్టలు, ఫోన్లు చూసి కలిగే చిన్నతనం, రెండూ అప్పుడే మీద పడతాయి. దసరా సెలవులకు ఇంటికి వచ్చి తిరిగి వెళ్లనివారు ఉంటారు. కాబట్టి ఆ సెలవుల్లో ప్రతి ఒక్కరినీ కలవండి, అదే కళాశాలలో చదివే పై సంవత్సరం విద్యార్థి ఫోన్ నంబరు ఇవ్వండి.

ఈ పనికి ఏ అర్హతలు కావాలి? జీతం ఉంటుందా?

డిగ్రీ ఉండి, నోటిఫికేషన్‌ను జాగ్రత్తగా చదివి, తెలియనిది తెలియదని చెప్పగలిగితే చాలు. కొందరు స్వచ్ఛంద సంస్థల్లో జీతానికి చేస్తారు, ఎక్కువమంది స్వచ్ఛందంగా చేస్తారు. తన కుటుంబంలో మొదటిసారి కళాశాలకు వెళ్లినవారు ఈ పని అందరికన్నా బాగా చేయడం చూశాము. ఒక కళాశాల నుంచి కమిషన్ తీసుకునేవారికి మాత్రం ఇందులో చోటు లేదు.

ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి?

దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టండి. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలను ఎంచుకుని ప్రధానోపాధ్యాయులను కలవండి, అవసరమైతే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం నుంచి అనుమతి పత్రం తీసుకోండి. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఒక ఉపాధ్యాయుడు గాని ఉపాధ్యాయురాలు గాని గదిలో ఉండాలి. పని నేర్చుకునే మొదటి ఏడాది ఒక పాఠశాల, ఒక పదో తరగతి సెక్షన్ చాలు, ఎనిమిదో తరగతి పిల్లలను ఆ తర్వాత కలుపుకోవచ్చు. సంక్రాంతిలోగా ఆ సెక్షన్‌లోని ప్రతి విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, ధ్రువపత్రాలు, తల్లి బ్యాంకు ఖాతా సరిచూడడం పూర్తిచేయండి. మార్చిలో పరీక్షలు జరిగే రోజుల్లో పిల్లలను కదిలించవద్దు. చివరి పరీక్ష అయిన మర్నాడు తల్లిదండ్రులను పాఠశాలకు పిలిపించి, పాలిసెట్, ట్రిపుల్ ఐటీ, ఏపీఆర్‌జేసీ, ఇంటర్ ప్రవేశాల తేదీలు తెలుగులో రాసిన ఒక కాగితం ప్రతి ఇంటికీ ఇవ్వండి.